నాలుగు స్విచ్‌లు, ఒకే పచ్చ చుక్క: స్టాక్ మానిటరింగ్ ఎలా పెట్టుకోవాలి?

"సార్, ల్యాబ్‌లో కంప్యూటర్లు పనిచేయట్లేదు."

ఫోన్ చేసింది ఒక నర్సు. అప్పట్లో నేను ఒక ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసుకునేవాణ్ణి. స్క్రీన్ వైపు చూశాను. మొదటి అంతస్తు స్విచ్ పేరు పక్కన పచ్చ చుక్క నిండుగా వెలుగుతోంది. "నా దగ్గర అంతా బాగానే ఉందమ్మా, ఒకసారి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి" అన్నాను. ఐదు నిమిషాలకు ఫార్మసీ నుంచి ఫోన్. ఆ తర్వాత బిల్లింగ్ కౌంటర్. అందరికీ అదే జవాబు చెప్పాను. నలభై నిమిషాలు గడిచాక ల్యాబ్ కుర్రాడు రిపోర్టులు చేత్తో రాసుకుని మెట్లమీదుగా ఐసీయూకి పరుగెత్తుతుంటే చూశాను. అప్పుడు గానీ కుర్చీలోంచి లేవలేదు.

ర్యాక్ తలుపు తీసి చూస్తే ఒకదాని కింద ఒకటి నాలుగు స్విచ్‌లు. మూడోదానిలో ఒక్క లైటు కూడా లేదు, పవర్ సప్లై పోయింది. అది సరే, అర్థమైంది. అర్థం కానిది నాలుగోది. దాని లైట్లన్నీ మామూలుగా మిణుకుమిణుకుమంటున్నాయి, కానీ దానికి తగిలించిన కంప్యూటర్లకు కూడా నెట్ లేదు. ఒక్కో స్విచ్‌కు 48 పోర్టులు. అంటే 96 పోర్టులు చచ్చిపడి ఉంటే నా స్క్రీన్ మీద ఇంకా పచ్చ చుక్కే.

మన కుటుంబాల్లో నెట్‌వర్కింగ్ కోర్సు చేసి హైదరాబాద్, బెంగళూరుల్లోనో, రియాద్, జెద్దా, దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తున్న పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగంలో అప్పగించేది ఇదే పని: స్క్రీన్ ముందు కూర్చోవడం, ఎర్ర చుక్క వస్తే పైవాళ్లకు చెప్పడం. "మావాడు రాత్రంతా మేలుకుని ఏం చేస్తాడో మాకు ఒక్క ముక్క అర్థం కాదు" అనే అమ్మీ, అబ్బాల కోసం ఈ వ్యాసం మొదటి భాగం. రెండో భాగం ఆ పిల్లల కోసం.

స్టాక్ అంటే ఒక ఉమ్మడి కుటుంబం

ఇక్కడ స్విచ్ అంటే గోడ మీది కరెంటు స్విచ్ కాదు. కంప్యూటర్, ఫోన్, సీసీ కెమెరా, వైఫై డబ్బా, వీటన్నిటి కేబుళ్లూ వచ్చి చేరే ఇనుప పెట్టె. మామూలుగా 24 లేదా 48 పోర్టులు ఉంటాయి. 48 సరిపోకపోతే ఇంకో పెట్టె కొంటాం, అదీ సరిపోకపోతే మూడోది. విడివిడిగా పెడితే ప్రతిదానికీ ఒక ఐపీ అడ్రసు, ఒక పాస్‌వర్డు, విడిగా సెట్టింగులు. ఈ బాధ లేకుండా వెనకవైపు పొట్టి లావుపాటి కేబుళ్లతో వాటిని ఒకదానికొకటి కలిపేస్తే అన్నీ కలిసి ఒకే పెద్ద స్విచ్‌లా పనిచేస్తాయి. అదే స్టాక్. ఐపీ ఒక్కటే, సెట్టింగుల ఫైలు ఒక్కటే. సిస్కో 3750 రకంలో తొమ్మిది వరకూ, 2960-ఎక్స్, 9300 రకాల్లో ఎనిమిది వరకూ ఇలా కలపొచ్చు. జునిపర్‌వాళ్లు దీన్ని వర్చువల్ చాసిస్ అంటారు, అరుబావాళ్లు వీఎస్‌ఎఫ్ అంటారు. పేర్లు వేరు, సంసారం ఒకటే. నేను ఎక్కువగా చేతులు పెట్టింది సిస్కోలోనే కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను.

స్టాక్‌ను ఉమ్మడి కుటుంబం అనుకోండి. ఇంట్లో నాలుగు గదులున్నా గేటు దగ్గర కాలింగ్ బెల్ ఒక్కటే. బెల్ కొడితే ఇంటి పెద్ద వచ్చి "ఆ, ఉన్నాం" అంటాడు. వెనక గదిలో ఒకరు జ్వరంతో మూలుగుతున్నారా, ఒక గదికి తలుపే ఊడిపోయిందా అన్న సంగతి ఆ బెల్ చెప్పదు. స్టాక్‌లో ఆ పెద్దను పాత పుస్తకాల్లో మాస్టర్ అనేవారు, ఇప్పుడు యాక్టివ్ అంటున్నారు. ఐపీ అడ్రసుకు జవాబిచ్చేది ఆయనే. మానిటరింగ్ మొదలుపెట్టే ప్రతివాడూ ముందు చేసేది పింగ్, అంటే నిమిషానికోసారి వెళ్లి బెల్ కొట్టి రావడం. పెద్దాయన బతికున్నంతకాలం జవాబు వస్తూనే ఉంటుంది. పెద్దాయన పోయినా ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుని జవాబిస్తారు, స్టాక్ గొప్పతనమే అది. మనకు మాత్రం అదే పెద్ద మోసం.

ఇక ఆ పొట్టి కేబుళ్ల సంగతి. ప్రతి స్విచ్ వెనకా రెండు స్టాక్ పోర్టులుంటాయి. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు కేబుల్ వేస్తాం. చివరగా నాలుగు నుంచి తిరిగి ఒకటికి ఇంకో కేబుల్ వేసి ఉంగరంలా మూసేయాలి. దీన్నే రింగ్ అంటారు. ఉంగరం ఎక్కడైనా ఒకచోట తెగితే డేటా రెండో వైపు నుంచి చుట్టి వెళ్తుంది. కేబుళ్ల వేగం సగానికి పడిపోతుంది, పాత 3750లో 32 గిగాబిట్లు కాస్తా 16 అవుతుంది. కానీ పని ఆగదు. ఎవరూ ఫోన్ చేయరు. కాబట్టి ఎవరికీ తెలియదు.

మా ఆసుపత్రిలో జరిగింది సరిగ్గా ఇదే. నాలుగు నుంచి ఒకటికి తిరిగి రావాల్సిన ఆ చివరి కేబుల్ స్క్రూలు ఎవరూ బిగించలేదు. ఎప్పుడో కొంచెం బయటికి జారింది. అది ఏ నెలలో జారిందో చెప్పే లాగ్ కూడా మిగల్లేదు. ఉంగరం కాస్తా గొలుసు ముక్క అయింది. ఆ రోజు మూడో స్విచ్ చనిపోగానే నాలుగోది ఒంటరిగా మిగిలిపోయింది. బయటి ప్రపంచానికి వెళ్లే అప్‌లింక్ కేబుళ్లు రెండూ ఒకటో స్విచ్‌లో, రెండో స్విచ్‌లో ఉన్నాయి. పాపం నాలుగోది ఊపిరితోనే ఉంది, దారే లేదు. రింగ్ బాగుండి ఉంటే పోయేవి 48 పోర్టులే. ల్యాబ్ కంప్యూటర్లు ఉన్నది నాలుగోదానిలో. ఒక చిన్న కేబుల్ బిగించి ఉంటే ఆ కుర్రాడు మెట్లెక్కాల్సిన పని ఉండేది కాదు. కేబుల్ జారిన రోజే ఎవరైనా నాకు చెప్పి ఉన్నా అంతే.

సర్వర్ కంటే ముందు స్విచ్ దగ్గర పని

ఇప్పుడు పిల్లల భాగం. మానిటరింగ్ అనగానే చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తారు. నా మాట వినండి, ముందు స్విచ్ దగ్గర ఒక గంట కూర్చోండి.

మొదట "షో స్విచ్" అని కొట్టి చూడండి. ఎన్ని మెంబర్లు, ఎవరి నంబరు ఎంత, ఎవరు యాక్టివ్, ఎవరు స్టాండ్‌బై, ఎవరి స్థితి ఏంటి అన్నది అక్కడే కనబడుతుంది. "రెడీ" తప్ప ఇంకేం ఉన్నా కారణం తెలుసుకోండి. తర్వాత "షో స్విచ్ స్టాక్-పోర్ట్స్" కొడితే ప్రతి స్విచ్‌కూ రెండేసి పోర్టుల స్థితి వస్తుంది. నాలుగు స్విచ్‌లకు ఎనిమిది పోర్టులు, ఎనిమిదీ పైకి ఉండాలి. రెండు డౌన్ ఉంటే మీ ఉంగరం ఈరోజే తెగి ఉందన్నమాట. మానిటరింగ్ పెట్టకముందే ఒక తప్పు దొరికినట్టు. కొత్తగా స్టాక్ పెట్టినచోట కూడా చివరి కేబుల్ మర్చిపోవడం నేను చాలాసార్లు చూశాను. పెట్టెతోపాటు వచ్చే కేబుల్ పొట్టిదైతే అడుగునుంచి పైకి అందదు, పొడవుది తర్వాత తెప్పిద్దాంలే అంటారు. ఆ "తర్వాత" ఇక రాదు.

స్టాక్ నంబరు 1 ర్యాక్‌లో పైన ఉందా కింద ఉందా అన్నది కూడా చూసి, స్విచ్ ముఖం మీద స్టిక్కర్ అంటించండి. పోర్టు పేరులో మొదటి అంకె మెంబర్ నంబరే: 3/0/12 అంటే మూడో స్విచ్ పన్నెండో పోర్టు. అర్ధరాత్రి అలారంలో "మెంబర్ 3" అని వస్తే, పైనుంచి మూడోదా కిందనుంచి మూడోదా అని తడుముకునే పరిస్థితి రాకూడదు. యాక్టివ్ ఎవరవ్వాలో కూడా మీరే నిర్ణయించండి. ప్రయారిటీ 1 నుంచి 15 వరకూ ఇవ్వొచ్చు, ఎక్కువ ఉన్నవాడు పెద్ద. ఎవరికీ ఇవ్వకపోతే అందరికీ 1 ఉంటుంది, అప్పుడు మ్యాక్ అడ్రసు చిన్నదెవరిదైతే వాళ్లు పెద్ద. మ్యాక్ అడ్రసు చిన్నదంటే చాలాసార్లు పెట్టె పాతదని అర్థం. అన్నిటికంటే ముసలి స్విచ్‌కు పెత్తనం ఇచ్చినట్టవుతుంది.

సమయం సరిచేయడం మర్చిపోకండి. ఎన్‌టీపీ పెట్టకపోతే పాత సిస్కో స్విచ్‌లు చాలావాటిలో రీబూట్ అయ్యాక గడియారం 1993 మార్చి 1 నుంచి మొదలవుతుంది. లాగ్‌లో "మార్చి 1" అని చూసి రంజాన్ నెలలో జరిగిన సంగతి మార్చిలో జరిగిందనుకుని తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలాగే లాగ్‌లు స్విచ్ మెమరీలోనే వదిలేయకుండా బయటి సిస్‌లాగ్ సర్వర్‌కు పంపండి. మా కేబుల్ ఎప్పుడు జారిందో తెలియకపోవడానికి కారణం ఇదే. స్విచ్‌లో ఉండే లాగ్ చిన్న పలక లాంటిది, కొత్తది రాస్తే పాతది చెరిగిపోతుంది.

ఇక ఎస్‌ఎన్‌ఎంపీ. 1988 నుంచీ ఉన్న పద్ధతి ఇది. సర్వర్ అడుగుతుంది, స్విచ్ జవాబిస్తుంది, అంతే. పాత రెండో వెర్షన్‌లో పాస్‌వర్డు లాంటి ఒక మాట ఉంటుంది, దాన్ని కమ్యూనిటీ అంటారు. చాలాచోట్ల ఇప్పటికీ ఆ మాట "పబ్లిక్". అది గుప్తంగా కూడా వెళ్లదు, దారిలో ఎవరైనా చదవొచ్చు. మూడో వెర్షన్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డు, గుప్తీకరణ అన్నీ ఉన్నాయి. అదే వాడండి. చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, రాసే హక్కు వద్దు. మీ మానిటరింగ్ సర్వర్ ఐపీ తప్ప ఇంకెవరు అడిగినా జవాబివ్వకుండా యాక్సెస్ లిస్ట్ పెట్టండి. ఆసుపత్రి, కాలేజీ లాంటి చోట ఇది మరీ అవసరం, వైఫైలో ఎవరెవరు ఉంటారో మనకు తెలియదు కదా.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ ఏది అన్న చర్చ నేను పెట్టను. జాబిక్స్, లిబ్రెఎన్‌ఎంఎస్ రెండూ ఉచితం, రెండూ మంచివే. ఏది పెట్టినా స్టాక్‌ను నాలుగు సంగతులు అడిగించాలి. సిస్కోలో ఈ జవాబులన్నీ స్టాక్‌వైజ్ ఎంఐబీ అనే పట్టికలో ఉంటాయి. దాని అడ్రసు 1.3.6.1.4.1.9.9.500తో మొదలవుతుంది.

రింగ్ మూసి ఉందా? అడ్రసు 1.3.6.1.4.1.9.9.500.1.1.3.0. జవాబు 1 వస్తే ఉంగరం పూర్తిగా ఉంది, 2 వస్తే తెగింది. ఒకే ఒక్క అంకె. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. ఇది ఎర్రబడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఏ డిపార్ట్‌మెంటూ ఫోన్ చేయదు. అందుకే దీన్ని చిన్న హెచ్చరికగా పక్కన పెట్టకండి. తీరిగ్గా ఎవరికీ తెలియకుండా బాగుచేసుకునే అవకాశం మీకు దొరికేది ఈ ఒక్క దశలోనే.

ప్రతి మెంబర్ స్థితి ఏంటి? 1.3.6.1.4.1.9.9.500.1.2.1.1.6 కింద ఒక్కో మెంబర్‌కు ఒక్కో వరుస ఉంటుంది. పాత మోడళ్లలో 1001, 2001, 3001 అని, కొత్తవాటిలో 1000, 2000 అని చివర ఉంటాయి, మొదటి అంకె మెంబర్ నంబరు. జవాబు 4 అంటే రెడీ. 6 అంటే వెర్షన్ మిస్‌మ్యాచ్, పక్కవాళ్ల సాఫ్ట్‌వేర్ ఒకటి, దీనిది ఇంకొకటి. మాకు ఇది కూడా జరిగింది. పోయిన మూడోదాని బదులు కొత్తది వచ్చింది, కేబుళ్లు వేశాం, లైట్లు వెలిగాయి, అమ్మయ్య అనుకున్నాం. అది మాత్రం స్టాక్‌లో చేరనే లేదు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిచేశాక గానీ కుటుంబంలో కలవలేదు. ఇంకో సంగతి: కొత్త స్విచ్‌ను పవర్ ఆపి ఉంచే కేబుళ్లు వేయాలి. నడుస్తున్న రెండు స్టాక్‌లను కలిపితే పెద్దరికం కోసం పోటీ జరుగుతుంది, ఓడిపోయిన వైపు స్విచ్‌లన్నీ రీబూట్ అవుతాయి. ఓడిపోయేది మన పాత స్టాక్ కావచ్చు.

స్టాక్ పోర్టులు ఎనిమిదీ పైకి ఉన్నాయా? 1.3.6.1.4.1.9.9.500.1.2.2.1.1 కింద ఉంటాయి, 1 అంటే అప్, 2 అంటే డౌన్. రింగ్ తెగిందని మొదటి ప్రశ్న చెబుతుంది, ఎక్కడ తెగిందో ఇది చెబుతుంది. రెండో స్విచ్ పోర్టొకటి, మూడో స్విచ్ పోర్టొకటి కలిసి పడిపోతే వాటి మధ్య కేబుల్ చూడండి.

నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మెంబర్లు ఎంతమంది ఉన్నారు? "మూడోది పోతే దాని స్థితి 4 నుంచి ఇంకో అంకెకు మారుతుంది కదా, అలారం వస్తుంది కదా" అంటారు. చాలాసార్లు అలా జరగదు. స్విచ్ చనిపోతే దాని వరుసే పట్టికలోంచి మాయమవుతుంది. సర్వర్ అడుగుతుంది, "అలాంటిది ఏదీ లేదు" అని జవాబు వస్తుంది. జాబిక్స్‌లో అయితే ఆ ఐటమ్ "నాట్ సపోర్టెడ్" అని బూడిద రంగులోకి పోతుంది, అలారం మోగదు. లిబ్రెఎన్‌ఎంఎస్ మామూలు సెట్టింగుల్లో ఐదు నిమిషాలకోసారి విలువలు అడుగుతుంది, ఆరు గంటలకోసారి పరికరంలో ఏమేం ఉన్నాయో కొత్తగా వెతుకుతుంది. ఆ వెతుకులాటలో మూడో స్విచ్ కనబడకపోతే దాని సెన్సర్లను జాబితాలోంచి తీసేస్తుంది. అంటే చనిపోయిన మనిషి పేరు రేషన్ కార్డులోంచి తీసేసి, "ఇంట్లో అందరూ క్షేమం" అని రాసినట్టు.

కాబట్టి "రెడీగా ఉన్నవాళ్ల సంఖ్య 4 కంటే తక్కువైతే అలారం" అని ఒక నియమం రాయండి. ఆ 4 అన్న అంకె మీరే చేత్తో రాయాలి. ఏ సాఫ్ట్‌వేర్‌కూ అది తనంతట తెలియదు, దానికి కనబడినవాళ్లే దానికి లెక్క. ఉండాల్సినవాళ్లు ఎంతమందో తెలిసింది ఇంట్లోవాళ్లకే. జాబిక్స్‌లో దీనికి తోడు "పది నిమిషాలుగా డేటా రాలేదు" అన్న నోడేటా ట్రిగ్గర్ కూడా పెట్టొచ్చు. రేపు ఐదో స్విచ్ కలిపితే ఆ అంకెను 5 చేయడం మీ పనుల జాబితాలో రాసుకోండి.

అప్‌టైమ్‌ను నమ్ముకుని కూర్చోకండి. ఒక మెంబర్ రీబూట్ అయి మళ్లీ వచ్చినా స్టాక్ అప్‌టైమ్ మారదు. పైగా ఆ ఎస్‌ఎన్‌ఎంపీ లెక్క 497 రోజులకు నిండి మళ్లీ సున్నా అవుతుంది. ఏమీ కాకుండానే "స్విచ్ రీబూట్ అయింది" అని ఒకరోజు అలారం వస్తే కంగారు పడొద్దు.

పవర్, ఫ్యాన్లు, అప్‌లింక్

పవర్ సప్లై, ఫ్యాన్, ఉష్ణోగ్రత, ఇవన్నీ మెంబర్ వారీగా చూడాలి. సిస్కోలో 1 అంటే మామూలు, 2 హెచ్చరిక, 3 ప్రమాదం. రెండు పవర్ సప్లైలు పట్టే మోడల్ అయితే రెండూ వేర్వేరు యూపీఎస్ లైన్లకు పెట్టి, ఒకటి పోగానే తెలిసేలా చేసుకోండి. రింగ్ కథే ఇక్కడా: ఒకటి పోయినా పని నడుస్తుంది, రెండోది పోయేదాకా ఎవరికీ పట్టదు.

కెమెరాలు, ఫోన్లు, వైఫై డబ్బాలు కేబుల్ నుంచే కరెంటు తీసుకుంటాయి. దాన్ని పీఓఈ అంటారు. ఈ కరెంటు బడ్జెట్ స్టాక్ మొత్తానికి కలిపి అనుకుంటే పొరపాటు, మామూలుగా ప్రతి మెంబర్‌కు దానిది దానికే. 2960-ఎక్స్‌లో 370 వాట్ల మోడల్ తీసుకోండి. పోర్టుకు 30 వాట్లు తాగే పరికరాలైతే పన్నెండుకే అయిపోతుంది, మిగతా 36 పోర్టులకు కరెంటు లేదు. కొత్త కెమెరాలు వేసేవాళ్లు ఖాళీ పోర్టులు ఎక్కడుంటే అక్కడ తగిలించి పోతారు. అందుకే మెంబర్ వారీగా వాడకం 80 శాతం దాటితే నాకు ఒక మెసేజీ వచ్చేలా పెట్టుకున్నాను.

అప్‌లింక్ కేబుళ్లు రెండిటినీ వేర్వేరు మెంబర్లలో పెట్టి పోర్ట్ చానెల్‌గా కలుపుతాం. ఇక్కడా పాత మోసమే. ఒక కేబుల్ పోయినా పోర్ట్ చానెల్ "అప్" అనే చూపిస్తుంది. చానెల్‌తోపాటు అందులోని ఒక్కో పోర్టుకూ విడిగా అలారం ఉండాలి. మావి ఒకటిలో, రెండులో ఉండటం తప్పు, తర్వాత ఒకటిలోకి, నాలుగులోకి మార్చాను. అలా మార్చినా రింగ్‌ను గాలికి వదలకూడదు. స్టాక్ రెండుగా చీలితే రెండు ముక్కలూ అదే ఐపీ, అవే సెట్టింగులతో బయటికి వస్తాయి. ఒకే ఇంటి నంబరుతో రెండు ఇళ్లున్నట్టు, పోస్ట్‌మ్యాన్ ఎటు పోవాలి?

ట్రాఫిక్ గ్రాఫ్ గీసేటప్పుడు 64 బిట్ల కౌంటర్లే వాడండి. 32 బిట్ల పాత కౌంటర్ ఒక గిగాబిట్ లింక్ నిండుగా నడిస్తే 34 సెకన్లలో నిండిపోయి సున్నాకు వస్తుంది. ఐదు నిమిషాలకోసారి చూసే సర్వర్‌కు అది ఎన్నిసార్లు తిరిగిందో ఎలా తెలుస్తుంది? గ్రాఫ్ అందంగానే ఉంటుంది, అందులో అంకెలు మాత్రం అబద్ధం.

దేనికి అలారం పెట్టకూడదు

కొత్త ఉత్సాహంలో ప్రతి పోర్టుకూ అలారం పెడతారు. సాయంత్రం ఆరింటికి అందరూ కంప్యూటర్లు ఆపి ఇంటికి వెళ్తారు, నూట యాభై మెసేజీలు వస్తాయి. మూడు రోజులకు ఆ గ్రూపును మ్యూట్ చేస్తారు. నాలుగో రోజు నిజమైన అలారం ఆ మ్యూట్‌లోనే మునిగిపోతుంది. మనుషులు వాడే పోర్టులకు అలారం వద్దు. అప్‌లింక్‌లు, సర్వర్లు, వైఫై డబ్బాలు, ముఖ్యమైన కెమెరాలు, వీటికి చాలు.

గల్ఫ్‌లో పనిచేసేవాళ్లకు ఒక మాట. "ట్రాఫిక్ మామూలు కంటే తక్కువ" అనే అలారం పెట్టుకుంటే రంజాన్‌లో అది మీ ప్రాణం తీస్తుంది. సౌదీలో ముస్లిం ఉద్యోగులకు ఆ నెల రోజుకు ఆరు గంటలే పని, ఎమిరేట్స్‌లో రెండు గంటలు తగ్గిస్తారు. ఆఫీసు గంటలు మారిపోతాయి కాబట్టి ఆ నెలకు వేరే టైమ్‌టేబుల్ రాసుకోండి. వారం సెలవులు కూడా చూసుకోండి. సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు. ఎమిరేట్స్‌లో 2022 నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలు, శుక్రవారం మధ్యాహ్నం దాకే పని. హైదరాబాద్ నుంచి రెండు దేశాల నెట్‌వర్క్‌లు చూసే కుర్రాళ్లు మెయింటెనెన్స్ రోజు ఎంచుకునేటప్పుడు ఇక్కడే తప్పుతారు.

ఇంకో ప్రశ్న మీకు మీరే వేసుకోండి: స్టాక్ మొత్తం పోతే అలారం ఏ దారిన వస్తుంది? మానిటరింగ్ సర్వర్ అదే స్టాక్‌కు తగిలించి ఉంటే మెయిల్ బయటికే రాదు. ఇల్లు తగలబడుతోందని చెప్పే ఫోన్ ఆ ఇంట్లోనే ఉన్నట్టు. సిమ్ వేసిన చిన్న మోడెమ్‌తో ఎస్‌ఎంఎస్ పంపించొచ్చు. లేదా బయట ఎక్కడో ఉన్న ఇంకో సర్వర్ మీ సర్వర్ నుంచి ఐదు నిమిషాలకోసారి సలాం రాకపోతే తానే మెసేజీ పంపేలా పెట్టొచ్చు. ఖర్చు పెద్దది కాదు.

కేబుల్ లాగి చూడండి

అన్నీ పెట్టాక నిజంగా పనిచేస్తుందా అని తెలుసుకోవడానికి ఒకటే మార్గం. పైవాళ్ల అనుమతి తీసుకుని, రద్దీ లేని వేళ చూసి, ముందు రింగ్ పూర్తిగా ఉందని నిర్ధారించుకుని, ఒక స్టాక్ కేబుల్ లాగండి. ఒకటే, రెండు కాదు. రింగ్ బాగుంటే పని ఆగదు.

మా ఆసుపత్రిలో ఫజ్ర్ తర్వాత, ఓపీ మొదలవ్వకముందు ఈ పని పెట్టుకున్నాను. ల్యాబ్‌కు ముందే చెప్పాను, ఆ రోజు ఫోన్ చేసిన నర్సుకు కూడా. కేబుల్ లాగి ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మెసేజీ రాలేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఐదో నిమిషంలో సర్వర్ తన వంతు ప్రశ్న అడిగినప్పుడు వచ్చింది: రింగ్ 2, పోర్టులు రెండు డౌన్. స్విచ్ వెంటనే తానుగా పంపాల్సిన ట్రాప్ మాత్రం రాలేదు. వెతికితే ట్రాప్ వెళ్లాల్సిన అడ్రసు ఎప్పుడో తీసేసిన పాత సర్వర్‌ది. ట్రాప్‌లు అందాయో లేదో స్విచ్ పట్టించుకోదు, పంపి ఊరుకుంటుంది. అందుకే ట్రాప్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా అడిగే పద్ధతి కూడా ఉండాలి.

అడ్రసు మార్చి, కేబుల్ పెట్టి, మళ్లీ లాగాను. ఈసారి కేబుల్ ఇంకా చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. కేబుల్ తిరిగి పెట్టి, రెండు స్క్రూలూ చివరిదాకా బిగించాను. మిగతా మూడు కేబుళ్ల స్క్రూలు కూడా తిప్పి చూశాను. వాటిలో ఇంకొకటి వదులుగానే ఉంది.